నలభై సెకన్లు

సైన్సు ల్యాబులో గోడకి నీలం దుప్పటి కట్టాం.
మైక్రోస్కోపు పెట్టె మీద ట్యాబు,
ఎదురుగా చేతుల్లేని కుర్చీ.
నలభై సెకన్లు కదలకుండా కూర్చుంటే చాలట,
పిల్లల మనసులో ఏముందో
ఒక చుక్కలో చెప్పేస్తుందట.
పచ్చదైతే పరవాలేదు,
పసుపైతే ఓ కన్నేసి ఉంచాలి,
ఎర్రదైతే ఫారం నింపాలి.

నింపేవాణ్ణి నేను.
ఉద్దానంలో పదకొండేళ్ల సోషల్ మాస్టార్ని.

తామాడ ఊర్మిళ కూర్చుంది. ఎరుపు.
దుఃఖం డెబ్బై ఆరు శాతం.
పొద్దున్నే అమ్మ పక్కన
జీడిపిక్కల బట్టీ దగ్గర రెండు గంటలుండి వచ్చింది.
"దుక్కవేటి మాస్టారూ, పొగండీ" అని
జీడికి నల్లబడిన వేళ్లు
నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

బెహరా తారిణికి కోపమట, అరవై.
అడిగితే సిగ్గుపడింది.
కదలొద్దన్నారు కదా అని
లోపల్లోపల పదిహేడో ఎక్కం
ఒడియాలో చదువుకుంటోంది.
పదిహేడు ఎనిమిదుల దగ్గర
కనుబొమలు ముడిపడ్డాయి.

దున్న కూర్మారావుది పచ్చ. నిండు పచ్చ.
సంతోషం తొంభై ఒకటి.

తుపాను వెళ్లిన వారానికి
మా తోటకి లెక్కలవాళ్లొచ్చారు.
పడ్డ కొబ్బరిచెట్లకి సున్నం గీత పెట్టి
అంకె వేసుకుని పోయారు.
మొవ్వు విరిగి నిలబడ్డవి
ఏ కాగితంలోకీ ఎక్కలేదు.
అవి మూణ్ణెల్లు పచ్చగానే ఉన్నాయి.

కూర్మారావు వారానికి రెండుసార్లు
నాన్నని సైకిలెక్కించుకుని సోంపేట వెళ్తాడు.
డయాలసిస్ మంచం పక్క స్టూలు మీద
నాలుగేసి గంటలు
జోకులు చెబుతాడు.
ఆ నవ్వే ఇక్కడికీ తెచ్చాడు.

ఇవన్నీ స్టాఫ్ రూములో చెప్పుకోడానికి
గుర్తుపెట్టుకుంటున్నాను.
మిషన్ని వెక్కిరించడం బాగుంటుంది కదా,
మన కళ్లు మంచివనిపిస్తుంది.

చివర్లో మడ్డు నీలాచలం.
మూడేళ్లుగా నా క్లాసే.
వెనక బెంచీ, నూటికి నలభై రెండు,
హాజరు పిలిస్తే "ప్రజెంట్ సార్".
వాడి గురించి నాకు తెలిసింది అంతే.

"ముఖం కనబడలేదు, మళ్లీ ప్రయత్నించండి."
కిటికీ తెరిచాను. మళ్లీ అదే మాట.
దుప్పటి సర్దాను, కుర్చీ జరిపాను.
కూర్చోబెట్టి
నేనే ట్యాబు మీదుగా తొంగిచూశాను.
ఎడం కనుబొమలో పాత గాటు.
పెదవి మీద నూనూగు మీసం, ఎప్పుడొచ్చిందో.
కళ్లకింద
పదమూడేళ్లకి ఉండకూడనంత నలుపు.

మూడోసారీ కనబడలేదు.
సరే లేరా అన్నాను.
వాడు లేవలేదు.
"ఇంకోపాలి సూడండి మాస్టారూ" అన్నాడు.
కాసేపాగి, నేల చూస్తూ,
"నా మొగం ఇంతసేపు ఎవులూ సూడ్నేదండి."

సాయంత్రం మండలాఫీసు నుంచి ఫోను:
ఒక పేరు పక్కన రంగు లేదేంటండీ?
చూస్తున్నానండీ, అన్నాను.
రేపటికల్లా పెట్టేయండి, అన్నారు.

ల్యాబులో వాడొక్కడే
దుప్పటి మడతపెట్టబోతున్నాడు.
చేతులు ఎంత చాచినా అంచులు కలవడంలేదు.
ఫోను జేబులో పడేసి
రెండో కొస పట్టుకున్నాను.