బల్లగుడ్డ

ఏ దేశపు చర్చికో తెలీదు.
ఆర్డరు మాత్రం నర్సాపురం వచ్చింది:
ఆరడుగుల బల్లగుడ్డ, అంచంతా చిన్న సిలువలు,
నడుమ పెద్దదొకటి.
ఈస్టరు వెళ్లిన సోమవారం ఇవ్వాలన్నాడు ఏజెంటు.
కండెకి ఇంతని కూలి.
సగం నాకు, సగం జైబున్నీకి.

మా నాయనమ్మకి దొరసాని నేర్పిన అల్లిక,
జైబున్నీ వాళ్లమ్మకి మా నాయనమ్మ నేర్పింది.

ఆమె రోజాలో ఉంది, నేను శ్రమకాలపు ఉపవాసంలో.
మంచినీళ్ల ఊసెత్తకుండా
వశిష్ట గాలి తగిలే అరుగు మీద
కాళ్లు చాపుకుని అల్లుతున్నాం.
దాళ్వా కోతల దుమ్ము దారానికి అంటకుండా
ఒళ్లో పాత తువ్వాళ్లు పరుచుకున్నాం.

"నమ్మందాన్ని ఎలా అల్లుతావే?" అన్నాను
ముప్పయ్యో సిలువ దగ్గర.
"ఏడు గొలుసులు, మూడు కుట్లు, మళ్లీ తిప్పు.
నా వేళ్లకి ఇంతే తెలుసు సలోమీ" అని నవ్వింది.
తర్వాత నవ్వడం ఆపి,
"మరియమ్మ కొడుకంటే మాకూ ప్రాణమే.
అందుకే, ఆయన వాళ్ల చేతికి చిక్కలేదంటాం.
చంపనూ లేదు, సిలువెయ్యనూ లేదు.
వాళ్లకలా అనిపించింది.
అల్లా ఆయన్ని తన దగ్గరికి తీసుకున్నాడు."

వాళ్లకలా అనిపించింది.
ఆ మాట దగ్గర నా సూది జారింది.

మా తీతు ఎక్కిన బోటు అంతర్వేది మొగలో తిరగబడ్డాక
మూడోనాటి పోటుకి ఒడ్డుకొచ్చినదాన్ని చూసి
అమ్మ ఇదే అంది:
వీడు కాదు. వాడిలా కనిపిస్తన్నాడంతే.
మొహం చేపలు మిగల్చలేదు.
నేనే ఒంగి, కుడిచెయ్యి తిప్పి చూశాను.
అరచేతిలో గేలం చీరిన పాత మచ్చ.
కాగితం మీద సంతకం నేనే పెట్టాను.
ఆ సంతకానికి అమ్మ నాతో ఏడాది మాట్లాడలేదు.

అయ్యగారిచ్చిన కరపత్రం
మూడు నెలల్నించీ దారాల డబ్బా అడుగున ఉంది.
దాన్ని తియ్యకుండా
అంతకంటే పదునైంది తీశాను:
"మీరంతా మా అమ్మలాంటోళ్లే.
చావుని చూడలేక కాదంటారు."

జైబున్నీ ఏమీ అన్లేదు.
పని చుట్టబెట్టుకుని వెళ్లిపోయింది.
రెండ్రోజులు ఆమె కూర్చునేచోట
ఎదురింటి మేకపిల్ల పడుకుంది.

సువార్త చెప్పావామ్మా అని అడిగారు అయ్యగారు.
చెప్పానండీ అన్నాను.
నేను చెప్పింది మా తమ్ముడి శవాన్ని.

గురువారం పొద్దున వచ్చింది.
కండె చిక్కు తీసుకుంటూ, నా వైపు చూడకుండా:
"మీ అమ్మది దుఃఖం. మాది దుఃఖం కాదు, ఈమాన్.
రెంటినీ ఒకే సూదికి ఎక్కించకు.
నీ తమ్ముడి చెయ్యి నువ్వు చూశావు, కాదన్ను.
ఆయన చేతులు నువ్వూ చూళ్లేదు, నేనూ చూళ్లేదు."

చూడకుండానే నమ్ముతాం మేం, అనబోయాను.
ఆ మాట ఆమె కూడా అనగలదని తోచి
ఆగాను.

అయినా చెప్పాల్సింది చెప్పాను, ఈసారి గొంతు తగ్గించి:
"నాకు చచ్చిన దేవుడు కావాలి జైబున్నీ.
తీతు పోయినచోటికి ముందే వెళ్లొచ్చినవాడు కావాలి."

చాలాసేపు అల్లింది. ఒప్పుకోలేదు.
వరస తిప్పాక అంది:
"ఆ మూడ్రోజులూ తీతు కోసం దువా చేశాను.
నీకెప్పుడూ చెప్పలేదు."

గుడ్ ఫ్రైడే.
ఏడు మాటల ఆరాధనకి తెల్లచీర కట్టుకున్నాను.
గుడ్డలో నడిమి సిలువ ఒక్కటే మిగిలింది.
"అది నువ్వల్లుకో, నేనల్లను" అంది.
ఇన్ని అల్లిన చెయ్యి, అదొక్కటీ ఎందుకని
అడగలేదు.

తిరిగొచ్చేసరికి
పొద్దు సఖినేటిపల్లి వైపు కొబ్బరితోటల మీద వాలుతోంది.
పంటు ఆఖరి హారన్ వేస్తోంది.
గుడ్డని ఒళ్లో మడతపెట్టుకుని
మేకపిల్ల మూతి పెట్టకుండా అదిలిస్తూ
అక్కడే కూర్చునుంది, పెదాలు ఎండిపోయి.
నాకూ పొద్దుట్నించీ ఏమీ లేదు.
లోపల్నించి కూజా తెచ్చి
ఇద్దరి మధ్యా పెట్టాను.

అజాన్ కోసం చూస్తున్నాం.