మొద్దు ములికి

ఆటోనగర్ మూడో అడ్డరోడ్డులో
కరెంటు పోయి లేతు మిషన్లన్నీ నోరు మూసుకున్న మధ్యాహ్నం
ఉడతలూరి బయ్యన్న వచ్చాడు.
మాచర్ల బస్సు దుమ్ము ఇంకా భుజం మీదే ఉంది.
క్రాంక్‌షాఫ్టుల పక్కన తువాలు పరిచాడు.
నాలుగు ములుకులు.

ఒకటి ఆకులా ఉంది, పందికి.
ఒకదానికి వెనక్కి తిరిగిన ముళ్ళు, చేపకి.
ఒకటి నిండా తుప్పు, దేనికో చెప్పలేదు.
నాలుగోది అసలు ఇనుమే కాదు,
రేగిపండంత కర్ర ముద్ద.
నెత్తి చదును, నడిమికి పగులు.

"దీనికి మొనేది తాతా?"
"పిట్టకి మొనెందుకు మస్తానూ!
పదునైతే కముజు ఒంట్లోంచి అవతలికి దూరిపోద్ది,
తినేదానికి ఈకలూ నెత్తురే మిగుల్తయ్.
గురి తప్పిందా, కొమ్మలో దిగబడి
బాణం చెట్టు పాలు.
ఇదైతే ఠప్పుమంటది. పిట్ట సొమ్మసిల్లి పడుద్ది.
మనం పోయేసరికి పడుంటే మనది.
లేచి ఎగిరిపోతే
దానిది."

కరెంటొచ్చింది.
ఇత్తడి ముక్క బిగించి, వెర్నియర్ పెట్టి కొలిచి
అద్దంలా తీసిచ్చాను.
అరచేతిలో రెండుసార్లు ఎగరేసి పక్కన పెట్టేశాడు.
"బరువు. దారిలోనే నేల చూస్తది."

మూలన విరిగిన సుత్తి పిడి ఉంటే
దాన్ని బిగించాను.
పదిహేనేళ్ళుగా ఇనుప రజనే రాల్చిన మిషను
కాళ్ళ మీద పిండి జల్లింది.
షెడ్డంతా సండ్రకర్ర వాసన.
పక్క కొట్టు గ్యాస్ వెల్డింగు కుర్రాడు
అద్దాలు పైకెత్తి తొంగి చూశాడు.

"ఇప్పుడు వేటెక్కడిది తాతా, ఫారెస్టోళ్ళు ఊరుకుంటారా?"
"వేట లేదు. ఇంట్లో విల్లుంది.
విల్లున్నాక ఒకటన్నా ఉండాల."

డబ్బులొద్దన్నాను.
అలుగు లేని బాణానికి
మనిషి అలిగాడు.
ఇరవై నోటు లేతు మీద పెట్టి, దాని మీద
ఆ ఇత్తడి ముద్దే బరువు పెట్టాడు.

పోయేముందు కొత్త ములికి
నా చొక్కా జేబు మీద ఆనించి
ఒక్కసారి తట్టాడు.
"ఇంత తగిల్తే చాలు."

రాత్రి కుళాయి దగ్గర గ్రీజు కడుక్కుంటూ
చొక్కా విప్పి చూసుకున్నాను.
మచ్చేం లేదు.
చోటు మాత్రం తెలుస్తోంది.