పన్నెండో గంప

పోయినేడు ఇక్కడ కాంక్రీటు గోడ ఉండేది.
నున్నగా, బూడిదరంగులో, ఎవరికీ దారివ్వకుండా.
దాని వెనక మట్టి ఒక రాత్రంతా తాగింది.
నీళ్ళు బయటికి రావాల్సిన గొట్టాల్ని
ఎవరో కాగితం మీద గీసి, సైటులో మరిచారు.
తెల్లారేసరికి గోడ బోర్లా రాజకాలువలో,
దాని వీపు మీద రెండు స్కూటర్లు, ఒక నీళ్ళ ట్యాంకు.

ఉత్తరహళ్ళి వెనక, అదే గట్టుకి
ఈసారి నేను తీగ గంపలు గీశాను.
మూడు వరసలు. ఒక్కో వరసా అరమీటరు వెనక్కి.
మొత్తంగా ఆరు డిగ్రీలు మట్టివైపు వాలి,
గాలికి తెరుచుకునే తలుపుకి
వీపు ఆన్చి నిలబడ్డ మనిషిలా.

లెక్కలో ఒక గడి ఉంది: ఖాళీ, నూటికి ముప్పై.
రాతి బరువులోంచి దాన్ని తీసెయ్యాలి.

"గాలిక్కూడా లెక్క రాస్తారా పాపా?"
ఓబుళక్క నవ్వింది.
పత్తికొండ నుంచి వచ్చి పందొమ్మిదేళ్ళు,
ఈ ఊరి రాయంతా ఆమెకి పేరుపేరునా తెలుసు.
"రాసుకో. ఇంత సందు లేకుంటే
నీళ్ళు యాడికి పోవల్ల?"

తీగకన్ను కన్నా రాయి పెద్దదై ఉండాలని
నేను మిల్లీమీటర్లలో రాసుకొచ్చాను.
ఆమె పిడికిలి చూపించింది: దీని కన్నా చిన్నది వద్దు.
గుండ్రాళ్ళు విసిరేసింది.
"సుట్టాల మాదిరి. ఒకచోట కుదురుగుండవు."
ముందు వరస రాళ్ళు ఒక్కొక్కటీ చేత్తోనే,
తిప్పి, మళ్ళీ తిప్పి, బోడిపక్క లోపలికి.
అడుగు ఎత్తుకొకసారి ముందు నుంచి వెనక్కి
అడ్డతీగ లాగి ముడేసింది,
లేకుంటే గంప చూలాలి పొట్టలా ముందుకొస్తుంది.

నాలుగో రోజు నేను టీకి వెళ్ళాను.
ఇరవై నిమిషాలు. ఒక ఫోనుతో కలిపి ముప్పై ఐదు.
వచ్చేసరికి చంద్రేగౌడ లారీ తిరిగి పోతోంది.
రాళ్ళ మధ్య ఒక నీలం టైలు ముక్క, పువ్వు సగం.
ఎవరి స్నానాలగదో.
"ఒళగడె యారు నోడ్తారె మేడం?"
లోపల ఎవరు చూస్తారట.

ఓబుళక్క గడ్డపార తీసుకుంది.
ఒక్కో గంపనీ మొనతో తట్టి, చెవి ఒగ్గి వింది.
"రాయి." జరిగింది.
"రాయి." జరిగింది.
"ఇటికె."
తీగ కుట్లు విప్పాం. ఇటుక, సిమెంటు పెళ్ళలు,
తడిస్తే పిండయ్యే సరుకు.
సాయంత్రానికి పదకొండు గంపలు చూశాం, నాలుగు విప్పాం.

పన్నెండోది అడుగు వరసలో ఉంది.
దాని మీద అప్పటికే రెండు గంపలు, మూత కుట్టేసి.
వెనక బట్ట పరిచి మట్టి కూడా నింపేశారు.
ఆమె మూడుసార్లు తట్టింది.
కాలువ అవతల ఎవరో ప్రెషర్ కుక్కర్ దించిన చప్పుడు.
"నేనేం చెప్పేది పాపా,
నెత్తిన బరువెక్కినాంక రాయి గొంతు మారతాది."

క్రేను అద్దె గంటకి ఎంతో నాకు తెలుసు.
మేఘం ఎంత దూరంలో ఉందో కూడా తెలుసు.
సంతకం పెట్టాను.

తొలివాన రాత్రి పదకొండుకి పడింది.
రెయిన్‌కోటు మీదేసుకుని కాలువలోకి దిగాను, టార్చితో.
గోడంతా కారుతోంది.
ఒక్క చోట కాదు, వేయి చోట్ల, సన్నగా, తేటగా,
తాగిన మట్టి తాగినట్టే వదిలేస్తోంది.
ఒక్క రాయి కదల్లేదు.

ఫోన్ చేస్తే హోసూరు రోడ్డు షెడ్డు నుంచి
నిద్రగొంతుతో ఒకటే అడిగింది:
"నీళ్ళొస్తాండాయా? వస్తాంటే పండుకో పో."

వస్తున్నాయి. పన్నెండోదాన్నుంచి కూడా.
కాస్త ఆలస్యంగా, కాస్త ఎర్రగా.
వెనక మట్టి రంగా, లోపలి ఇటుక పొడా?
అరచేయి పట్టాను, టార్చి దగ్గరికి తెచ్చాను.
తడి మీద రెండూ ఒకేలా ఉన్నాయి.