నాలుగు ఆకుపచ్చలు

బ్యాటరీలు నాలుగు కావాలి. అందులో రెండు
అమ్మ రేడియోలోంచి దొంగిలించినవి.
హకోదాతెలో ఆ ఏడు మంచు
వంటింటి కిటికీకి సగం దాకా ఎక్కింది.
దుప్పటి కప్పిన కుంపటి బల్ల కింద కాళ్ళు దూర్చి
షుంపేయి అన్నయ్యా నేనూ
ఒకే తెర మీదికి వంగాం, తలలు ఢీకొనేలా.

బూడిదరంగు డబ్బా, అరచేతికి కాస్త బరువు.
సొంత వెలుగు లేదు దానికి,
నెత్తిమీది బల్బు అప్పివ్వాల్సిందే.
పైనుంచి పలకలు దిగేవి:
చేప, గంట, గొడుగు, నెలవంక.
మూడు చేపలు పక్కపక్కన చేరితే
టుప్పుమని మాయం.
పైనున్న గంటలు జారి వాటి చోట కూర్చునేవి.
అన్నీ ఆకుపచ్చే.
లేతది, కాస్త ముదురుది,
పాచి నీళ్ళది, నలుపుకి ఒక్క మెట్టు ఇవతలిది.
నాలుగంటే నాలుగే.

బడిలో బొమ్మ గీస్తే
పండిన పర్సిమన్‌కి ఆకుల రంగే పూశాడని
వారం రోజులు నవ్వారు అన్నయ్యని.
టమాటా పండిందో లేదో నొక్కి చూసేవాడు.
ఈ డబ్బా పట్టుకుంటే మాత్రం
నవ్విన వాళ్ళే వెనక నిలబడి ఊపిరి బిగబట్టేవాళ్ళు.
బొటనవేలు కాయ కాసింది.
తొంభై తొమ్మిదో మెట్టు దాటాక
ఆటకే అంకెలు అయిపోయాయి.

పద్దెనిమిదో ఏట, జలసంధి దాటే ఓడల మీద పనికి
దరఖాస్తు పెట్టాడు.
కంటి పరీక్షలో చుక్కల పుస్తకం ఉంటుందట,
చుక్కల్లో అంకెలు దాక్కుంటాయట.
కంటి ఆసుపత్రిలో లెక్కలు రాసే పిన్ని
ఒక్క రాత్రికి దాన్ని సంచిలో పెట్టి తెచ్చింది.
నేను చదివాను, తను బట్టీ పట్టాడు.
మొదటి పేజీ ముప్ఫై ఒకటి, రెండోది నాలుగు,
మూడోది పద్దెనిమిది...
ఆడుతున్నట్టే బొటనవేళ్ళు బల్ల మీద కదిలాయి.
తెల్లారేసరికి ఎక్కాల్లా ఒప్పజెప్పాడు.
ఒక్కటీ తప్పలేదు.

పరీక్ష గదిలో ఆ పెద్దాయన
పుస్తకాన్ని వెనకనుంచి తిప్పాడు.

ఏ పలక తర్వాత ఏది వస్తుందో
ఎవరూ ముందు చెప్పరని
మా ఇద్దరికీ తెలియనిదా?

ఆ వేసవిలోనే రంగుల డబ్బా వచ్చింది.
అదే ఆట, కొత్త చొక్కా.
చేపలు పోయాయి, గంటలు పోయాయి,
అన్నీ గుండ్రటి రాళ్ళే,
ఎరుపు, పచ్చ, ఇటుక, గోధుమ.
ఎంత బావుందో అన్నారందరూ. నేనూ అన్నాను.
మొట్టమొదటిసారి అన్నయ్య మీద గెలిచాను.
రెండోసారీ గెలిచాను.
మూడోసారి కావాలని ఓడాను.
తనకి తెలిసిపోయింది.
డబ్బా నా ఒళ్ళో పెట్టి, ఏమీ అనకుండా
స్క్విడ్లు ఎండబెట్టే షెడ్డుకి
అమ్మ అన్నం డబ్బా తీసుకుని వెళ్ళాడు.
నిజానికి అది తీసుకెళ్ళాల్సిన వంతు నాది.

ఇప్పుడు ట్రామ్ డిపో వెనక సందులో
తనకి రిపేరు కొట్టు.
ఎక్కడెక్కడి నుంచో పాత డబ్బాలు వస్తాయి,
ఉప్పుగాలికి తుప్పెక్కి, బ్యాటరీలు కక్కుకుని.
తెర మీద చచ్చిన గీతల్ని
వేడి మొనతో నిమిరి బతికిస్తాడు.
రెసిస్టర్ల మీది రంగు పట్టీలు చదవలేడు,
ఒక్కోదాన్నీ మీటరుతో కొలిచి చూస్తాడు.
అందుకే రెట్టింపు సేపు పడుతుంది,
అందుకే పోయింది మళ్ళీ రాదు కొట్టుకి.
సొరుగులో మా డబ్బా ఉంది.
మూల పగిలింది, అమ్మ అంటించిన ప్లాస్టర్ అలాగే ఉంది.

నిన్న సాయంత్రం వెళ్ళేసరికి
గల్లా పక్కన కూర్చుని ఆడుతున్నాడు.
అద్దంలోంచి సముద్రం కనిపిస్తోంది,
స్క్విడ్ పడవలు దీపాలు వెలిగించుకుంటున్నాయి.
ఇన్నేళ్ళూ అడగనిది అడిగేశాను:
ఆ దీపాలు నీకు ఏ రంగు?

ఒక్కసారి తలెత్తి చూశాడు.
"లేత దాని పక్కది" అన్నాడు.
మూడు గొడుగులు టుప్పుమన్నాయి.
"కాస్త జరుగు,
వెలుతురుకి అడ్డొస్తున్నావు."