పళ్ళెం పగిలాక

కుతాయిసిలో రియోనీ నది ఒడ్డున
పసిపిల్లల బడిలో వంట నాది, పంతొమ్మిదేళ్ళుగా.
ఎవరికెన్ని అక్షరాలొచ్చో నాకు తెలీదు.
పళ్ళెం పగిలితే మాత్రం
ఎవరి ఇల్లు ఎలాంటిదో చెప్పగలను.

మంగళవారం పగిలింది.
చిక్కుడుగింజల పులుసు నేలంతా,
నీలం అంచు పింగాణీ ముక్కలు బల్లల కిందికి.

ముందు కదిలినవి బాచో చేతులు.
పళ్ళెం వాడిది కాదు, ఆ బల్లా వాడిది కాదు,
అయినా రెండూ వీపు వెనక్కి పోయి దాక్కున్నాయి.
ఒతార్ వేలు అప్పటికే పక్కవాడి మీద ఉంది.
కవలల్లో ఒకతి నవ్వింది.
ఏడవాలా వద్దా అని రెండోది
నా మొహంలో వెతుక్కుంది.
పడేసిన తెక్లే మటుకు
"ఎవరూ కదలకండి, కాళ్ళకి చెప్పులున్నాయా?" అంటూ
తనకంటే పొడుగు చీపురు ఈడ్చుకొచ్చింది.

ఎవరు నేర్పారే అంటే
"నాన్న అలాగే అడుగుతాడు" అంది,
అందరి నాన్నలూ అడుగుతారన్నట్టు.

నా ఇంట్లో మొదటి ప్రశ్న, "ఎవరు?"
రెండోది గరిటె కాడ.
మొక్కప్పుడే వంచాలన్నారు, వంచాను.
మా వాజా బుద్ధిమంతుడని వీధంతా అనేది,
ఎదురు చెప్పడు, ఎవరి జోలికీ పోడని.
వాడి కోసం ఎవరూ మా తలుపు తట్టలేదన్నది
అప్పుడు నేను లెక్కలోకి తీసుకోలేదు.

ఇప్పుడు వాడికి నలభై ఒకటి, లారీ తోలతాడు.
మొన్న ఆదివారం కోడలి చేతిలోంచి గ్లాసు జారితే
అవతల కూర్చున్న వాడి చేతులు
బల్ల కిందికి పోయాయి.
కోడలు చూడలేదు. నేను చూశాను.
తుంచిన మొక్కజొన్న రొట్టె నాకు మింగుడుపడలేదు.

బాచో తండ్రి సాయంత్రం వచ్చాడు, గుమ్మమంత మనిషి.
రెండు నెలల ఫీజు బాకీ అని హెడ్ మేడం అంటుంటే
టోపీతో సహా చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు.
పక్కనే బాచో, అదే అచ్చు, చిన్న సైజులో.
రెండేళ్ళుగా మనసులో తిట్టుకుంటున్న మనిషి.
ఆ పూట తిట్టు నోటికి రాలేదు.

ఇవాళ పాలజగ్గు నా చేతిలోంచే జారింది.
గది గదంతా ఊపిరి బిగబట్టింది.
నా చేతులు ఎక్కడికి పోయాయో నేను చెప్పను.
బాచో లేచాడు. వాడివింకా వెనకే ఉన్నాయి.
నేలకేసి చూస్తూ, గొణిగినట్టు,
"మ్జియా అవ్వా, కాళ్ళకి చెప్పులున్నాయా?"

ఉన్నాయిరా, అన్నాను.
వాచిన ఎడమ కాలిది
పొద్దుటే పొయ్యి దగ్గర విప్పేశాను.