నాలుగో గది

నవంబరులో బిల్బావోలో వాన
పడుతున్నట్టు తెలియదు, తడిశాకే తెలుస్తుంది.
ఆ నెలలో నా లాడ్జి మెట్లెక్కేది
నేనూ, కరెంటు బిల్లూ.
ఏడు గదులు. ఏడు తాళంచెవులు.
తలుపు తీసినప్పుడల్లా మేకులకు వేలాడుతూ
ఏడూ ఒక్కసారే గలగలమంటాయి.

ఈ యేడు నది అవతలి హాలులో
పాటలకు బహుమతులిస్తారన్నారు.
మూడు రాత్రులు. ఖండమంతా చూస్తుందట.
"రేటు మూడింతలు చెయ్యి, గోట్సోనే,"
కింది బార్లో రొయ్యలకు పుల్లలు గుచ్చుతూ కోల్డో అన్నాడు,
"దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి."
బాయిలర్ చెడి రెండేళ్లు.
చక్కబెట్టుకోవలసిన ఇల్లే.

తారలెవరూ నా మెట్లెక్కలేదు.
వాళ్లకు అద్దాల హోటళ్లున్నాయి.
నాకొచ్చింది కేబుళ్లు లాగేవాళ్లు,
లైట్లు మోసుకొచ్చిన లారీ డ్రైవర్లు,
విగ్గులు దువ్వే ఒకమ్మాయి.
మంచం మీద విగ్గులు పడుకున్నాయి,
ఆమె కుర్చీలో పడుకుంది.
తెల్లారి ఆరింటికి వచ్చి వాలిపోతే
మధ్యాహ్నం మూడింటికి గాని లేవరు.
ఊరంతా పాట అమ్ముకుంటుంటే
నేను నిద్ర అమ్మాను.
వరండాలో చెప్పులు చేత పట్టుకుని నడిచాను.
చర్చి గంట దగ్గరికి పోయి
కాస్త ఆగవే తల్లీ అని చెప్పొద్దామనుకున్నాను.

కోల్డో వేలికి పుల్ల దిగింది.
కట్టు కట్టుకునే తీరిక లేదు,
వేలు నోట్లో పెట్టుకునే చిల్లర లెక్కబెట్టాడు.
లాండ్రీ వ్యాను రోజుకి రెండుసార్లు వచ్చింది.
దుప్పట్లు మార్చే మార్యూరీ, హోండురాస్ పిల్ల,
రెండు షిఫ్టులూ తానే చేసింది.
చివరి బస్సు పోయాక కొండమీది పేటకు
తడుస్తూ నడిచి వెళ్లేది.
అదనపు జీతం చేతిలో పెడితే
రెండుసార్లు లెక్కబెట్టి నవ్వింది.
బస్సు సంగతి నేనడగలేదు.

ఇక నాలుగో గది.

నెలనెలా రెండో మంగళవారం
లోయ ఊరి నుంచి ఎవారిస్టో వస్తాడు.
కంటి ఆసుపత్రిలో సూది వేయించుకుని
ఒక్క రాత్రి పడుకుని పోతాడు.
ఆరేళ్లుగా అదే గది:
స్నానాలగది పక్కనే,
గోడ తడుముకుంటూ వెళ్లిపోవచ్చు.
ముందు వారమే ఫోన్ చేశాను.
"ఈసారి ఖాళీ లేదు."
ఉంది. అప్పటికింకా ఎవరికీ ఇవ్వలేదు.
"అలాగేనమ్మా," అన్నాడు.
ఎందుకని అడిగినా బాగుండేది.

బాయిలర్ బాగైంది.
ఇప్పుడు కుళాయి తిప్పితే ఆవిరి.
మేయరు పేపర్లో ఏవో అంకెలు చెప్పాడు,
అబద్ధాలని నేననను.
ఆ అంకెల్లో నావి కూడా ఉన్నాయి,
ఏడు గదులు, మూడు రాత్రులు,
నిండినవి నిండినట్టే.

డిసెంబరు రెండో మంగళవారం వచ్చాడు.
ఒక కంటి మీద గాజుగుడ్డ,
చేతిలో నాకోసం జున్నుముక్క, ఎప్పట్లాగే.
గోడ తడుముకుంటూ వెళ్లి ముఖం కడుక్కుని
"నీళ్లు వేడిగా ఉన్నాయే!" అన్నాడు.
కాసేపాగి, "పాటలు బాగున్నాయా మరి?"
నేను వినలేదని చెప్పాను.
ఆ మాట మాత్రం నిజం.

రాత్రి సూప్ తాగుతూ, దేని గురించో మాట్లాడుతూ,
బస్టాండులో బెంచీలు కొత్తవి వేశారనీ
వెడల్పుగా ఉన్నాయనీ అన్నాడు.
చెంచా గిన్నెకు తగలకుండా
జాగ్రత్తగా కింద పెట్టాను.

తువ్వాలు ఇచ్చాను.
దాని అంచున, ఎన్ని ఉతుకులకూ పోని
ఎవరిదో వెండి తళుకు.
బాగున్న కన్ను దానితో తుడుచుకుని
దీపం ఆర్పమన్నాడు.