రాయి కట్టిన పొట్లకాయ

లొల్ల లాకుల దిగువన, కాలవగట్టు కింద
అరెకరం కన్నా తక్కువే. ఏ ఒక్కరి పేరునా లేదు.
ఆదివారం ఆరింటికల్లా వెళ్తాను.
వారమంతా బ్యాంకు క్యాషియర్ని; అక్కడ మాత్రం
నూకరత్నం కింద కూలి లేని కూలీని.

మొదటి వారం కలుపనుకుని
తోటకూర మొలకలు రెండు మళ్ళు పీకేశాను.
"పర్లేదండి, పులుసులోకి పనికొస్తాయి" అని
కొంగున మూటగట్టుకుంది.
ఆ మాటకే రెండోవారం వెళ్ళాను.

ఇప్పుడు నాకు కొన్ని తెలుసు.
ఒండ్రు ఎండితే పలకలై పగులుతుంది,
తడిస్తే చెప్పుల్ని మింగేస్తుంది.
వంకర తిరిగే పొట్లపిందె కొసన
చిన్న రాయి కడితే చాలు, తిన్నగా దిగుతుంది.
వంగిపోయిన నా నడుం చూసి
ఆటో బుల్లెబ్బాయి ఓ రాయి చూపించి నవ్వుతాడు.

ఏప్రిల్లో కాలవ కట్టేశాక బోరింగు నీళ్ళే గతి.
వరసగా నిలబడి బిందెలు అందించుకుంటాం.
మధ్యలో ఎవరో ఊరి కబురొకటి అందిస్తారు,
అదీ ఒలుకుతూనే చివరికి చేరుతుంది.

తొమ్మిదింటికి తూకం.
హాస్టలు పిల్లలకి మూడు గంపలు పోగా
మిగిలింది మట్టిలో చెయ్యి పెట్టినవాళ్ళకి.
నా వాటా: ఒక ఆనపకాయ, పావుకేజీ ముళ్ళవంకాయలు,
బొటనవేల్లో ఓ ముల్లు.

సోమవారం కౌంటర్లో నోట్లు లెక్కబెడుతుంటే
వేళ్ళు ఇంకా దురద. బెండ నూగు.
రెండుసార్లు లెక్క తప్పాను.
అవతల నిలబడ్డాయన విసుక్కున్నాడు.
నేను గోటికింద మన్ను ఓసారి చూసుకుని
మళ్ళీ ఒకటి నుంచి, తీరిగ్గా, మొదలెట్టాను.